అడగకుండా కోసిన తాడు

1889 వేసవి. అప్పటికి నిడదవోలుకు రైలు రాలేదు. బియ్యం, బెల్లం, కలప, పెళ్లివారు, కోర్టు పనిమీద తిరిగేవారు, అంతా కాలువ మీదే ప్రయాణం. విజ్జేశ్వరం నుంచి నిడదవోలు వైపు వచ్చే కాలువ మీద ఒక లాకుకు నేను సూపరింటెండెంటుగా ఉండేవాణ్ణి. పేరు పెద్దదే కాని, నా కింద ఉన్నది కొద్దిమంది లస్కర్లు, ఒక పెంకుటిల్లు, రెండు జతల చెక్క తలుపులు.

లాకు చూడనివారి కోసం ఒక మాట చెప్పాలి. కాలువలో ఎగువ నీళ్లు ఎత్తులో ఉంటాయి, దిగువ నీళ్లు పల్లంలో ఉంటాయి. పడవ మెట్లెక్కలేదు కనుక మధ్యలో రాతితో ఒక పెద్ద తొట్టి కడతారు. దాన్ని చాంబరు అంటాం. ఎగువకు పోయే పడవ దిగువ తలుపుల్లోంచి చాంబరులోకి వస్తుంది. వెనక తలుపులు మూసి, ఎగువ తూములు ఎత్తితే నీళ్లు నిండుతాయి, నీళ్లతోపాటు పడవా లేస్తుంది. లోపలి నీళ్లు ఎగువ నీళ్లతో సమమయ్యాక ముందు తలుపులు తీస్తాం. తూములు ఎత్తేవాళ్లు, తలుపులు తోసేవాళ్లు లస్కర్లు. ఏ పడవ ముందు, ఏది వెనక అని చెప్పడం నా పని. లాకు దగ్గర తగవులన్నీ అక్కడే పుడతాయి.

పడవలు వంతు కోసం ఆగినచోట మనుషులు ఊరికే కూర్చోరు. గట్టుమీద పొయ్యిలు వెలుగుతాయి, చేపలు వేగుతాయి, సంబంధాలు కుదురుతాయి, చెడతాయి. గంగయ్యకూ సత్తియ్యకూ వియ్యం కుదిరింది కూడా మా గట్టుమీదే.

ఇద్దరూ సొంత పడవలున్న సరంగులు, అంటే పడవకు యజమాని, నడిపేవాడు ఒక్కరే. ఏటి ఒడ్డున చేపలు పట్టే కుటుంబాల్లో పుట్టి, కాలువలు వచ్చాక సరుకు పడవల్లోకి మారారు. కుర్రతనంలో ఒకే పడవకు ఇద్దరూ కలిసి గట్టు వెంట తాడు లాగారు. గంగయ్యది విజ్జేశ్వరం పక్క పల్లె. సత్తియ్యది తాడేపల్లిగూడెం దిగువ. గంగయ్య మాటకారి, చెయ్యి ముందు పోయే మనిషి. సత్తియ్య నిదానస్తుడు. ఏ పని చేసినా ముందు చుట్ట వెలిగించి, పడవను ఒకసారి చూసుకుని, అప్పుడు చేస్తాడు. గంగయ్య కూతురు చిట్టిని సత్తియ్య కొడుకు అప్పన్నకు చేసుకున్నారు. ఆ తరవాత వాళ్ల పడవలు నా లాకులోకి పక్కపక్కనే వచ్చేవి. "బావా, నీ పడవ మా పడవ కంటే ముసల్దిరా" అని ఒకడు, "ముసల్దైనా బరువు మోస్తంది, నీ నోటిలాగ ఖాళీ కాదు" అని ఇంకొకడు. లస్కరు వెంకన్న తూము ఎత్తడం మానేసి వింటూ నిలబడేవాడు.

అంతకుముందు కార్తీకంలో సత్తియ్య కొత్త పడవ కట్టించాడు. మొదటి సరుకుతో ఎగువ నుంచి దిగువకు వస్తూ నా లాకులోకి దించాడు. ముందుకొయ్యకు పసుపు ఇంకా తడిగానే ఉంది. పక్కన గంగయ్య పడవ. సత్తియ్య వెనక తాడును గోడకున్న ఇనప రింగుకు కట్టి, చుట్టకు నిప్పు తెచ్చుకుందామని గట్టెక్కాడు. అప్పన్న ముందువైపు ఉన్నాడు. నీళ్లు దిగుతుంటే తాడు కొద్దికొద్దిగా వదలాలి. ఇది సరంగులకు నేర్పక్కర్లేదు. కాని అది కొత్త కొబ్బరి తాడు, తడిసి ముడి బిగుసుకుపోయింది. పడవ వెనకభాగం గోడకు వేలాడిపోయింది. ముందుభాగం నీళ్లతోపాటు కిందికి పోతోంది. బస్తాలు జారడం మొదలెట్టాయి. నేను తలుపుమీద నుంచి కేక వేసేలోగా గంగయ్య తన పడవలోంచి దూకి, మొలలో కత్తి తీసి, తాడు కోసేశాడు. పడవ ధబ్బున నీళ్లమీద పడి, గోడకు కొట్టుకుని నిలబడింది. ముందుకొయ్య చెక్క ఒకటి పగిలింది. పడవ దక్కింది.

నిప్పుతో తిరిగొచ్చిన సత్తియ్యకు కనిపించింది మాత్రం తెగిన తాడు, వియ్యంకుడి చేతిలో కత్తి.

ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. సరంగు చనిపోతే, అతని పడవ తాడును కత్తితో కోసి ఏట్లో వదులుతారు. బతికున్నవాడి తాడుకు కత్తి తగలనివ్వరు. అందులోనూ కొత్త పడవ మొదటి ప్రయాణం నుంచి ఇంటికి చేరేదాకా దాని తాడు దగ్గరకు ఇనుము తీసుకురారు. గంగయ్యకు ఇది తెలియక కాదు. ఆలోచించే సమయం లేదు, అంతే. సత్తియ్య తెగిన ముక్కను చుట్టి పడవలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మాఘంలో అతని భార్య మంగమ్మ జ్వరంతో పోయింది.

ఆ తరవాత రెండు పడవలూ కలిసి నా లాకులోకి రావడం ఆగిపోయింది. ఒకటి గట్టున కనిపిస్తే రెండోది దూరంగా ఆగి, మొదటిది దాటాక వచ్చేది. చావుకు పలకరించడానికి గంగయ్య, అతని భార్య నూకాలమ్మ వెళ్తే సత్తియ్య వాళ్లను గట్టు దిగనివ్వలేదని విన్నాను. ఒకసారి సత్తియ్య ఒంటరిగా దొరికితే చెప్పి చూశాను.

"సత్తియ్యా, నేను కళ్లారా చూశాను. తాడు కొయ్యకపోతే పడవ బోల్తాపడేది. అప్పన్న లోపలున్నాడు."

"ఆయ్. మీరు చూసుంటారండి."

"మరి?"

"అడక్కుండా కోశాడు కదండీ."

"అడిగేంత వ్యవధి ఏదయ్యా?"

"ఆయ్" అన్నాడు మళ్లీ. చుట్ట పారేసి లేచి వెళ్లిపోయాడు.

ఇంకోసారి గంగయ్యతో అన్నాను, నువ్వైనా వెళ్లి ఒక మాట చెప్పరాదా అని. అతను ఉడికిపోయాడు.

"ఏం చెప్పమంటారండి? పడవ దక్కించినందుకు తప్పయిపోయిందని చెప్పనా? మంగమ్మ నాకు చెల్లెలి వరస, ఆమె పీనుగ చూడ్డానికెళ్తే గట్టుమీద నుంచే పొమ్మన్నాడు. మా ఆడది చావింటికని తెచ్చిన నీళ్లకుండ నెత్తిమీద పెట్టుకుని అట్టే నిలబడిపోయింది."

ఇద్దరి మధ్యా నలిగింది చిట్టి. అప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి, తొలిచూలు. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి. పుట్టింటివాళ్లు వచ్చి బొట్టుపెట్టి పిలవాలి, అత్తింటివాళ్లు పంపాలి. పిలిస్తే పంపుతానని సత్తియ్య అనడు, పంపుతానంటే పిలుస్తానని గంగయ్య. సత్తియ్య ఇంట్లో మంగమ్మ పోయాక ఆడమనిషి అన్నది లేదు. పురుడు పోయడానికి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఇద్దరు మగాళ్లు, ఒక పడవ, ఆ పిల్ల.

దానికి తోడు కాలువ కట్టేసే రోజు దగ్గరపడింది. ఏటా వేసవిలో ఆనకట్ట దగ్గర నీళ్లు ఆపి, పూడిక తీసి, లాకులకు మరమ్మతు చేస్తారు. దాన్ని క్లోజర్ అంటాం. తిరిగి నీళ్లు వదిలేదాకా ఎక్కడి పడవ అక్కడే బురదలో కూర్చోవాలి. ఆ పిల్లను పుట్టింటికి చేర్చాలంటే ఆలోగానే చేర్చాలి. తరవాత మిగిలేది గతుకుల బాటలో ఎడ్లబండి, నెలలు నిండిన మనిషికి అది ప్రయాణం కాదు.

కాలువ ఆఖరి రోజు మధ్యాహ్నం దిగువ నుంచి ఒక పడవ వచ్చి ఆగింది. సత్తియ్యది. ఏటా క్లోజర్‌లో అతను పడవను ఏటిఒడ్డుకు తీసుకుపోయి, ఒడ్డుకు లాగి, తారు పూయించుకుంటాడు. కోడలిని ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక వెంట తెచ్చుకున్నాడు. చిట్టి పడవ గూటి కింద, నడుముకు బస్తా ఆనించుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయి ఉంది. ఆ పడవ వెళ్లే దారి ఆమె పుట్టింటి రేవు ముందు నుంచే. అక్కడ ఆగుతుందా అని నేను అడగలేదు. అప్పన్న నా వైపు చూసిన చూపుతోనే ఆగదని అర్థమైంది.

కాసేపటికి రెండో పడవ వచ్చింది. గంగయ్యది. ఎక్కడో దిగువన సరుకు దించి ఖాళీగా ఇంటికి పోతున్నాడు. ముందు పడవను చూసి దూరంగా ఆపబోయాడు. ఆపితే లాభం లేదని వెంకన్న గట్టుమీద నుంచి అరిచాడు. ఎగువ నీళ్లు అప్పటికే సన్నగిల్లాయి. ఒక్కో పడవకు ఒక్కో చాంబరు నీళ్లు ఖర్చు చెయ్యవద్దని, రెండేసి కలిపి దాటించమని, పొద్దు కుంకేసరికి తలుపులు వేసెయ్యమని ఓవర్‌సీరుగారి ఉత్తర్వు.

సత్తియ్య గట్టెక్కి నా దగ్గరికొచ్చాడు.

"నన్నొక్కణ్ణీ దాటించెయ్యండి బాబూ."

"కుదరదు. రెండు పడవలు కావాలి."

"ఇంకో పడవ వచ్చేదాకా ఉంటాను."

"ఇంక రావు సత్తియ్యా. ఇవే ఆఖరువి."

"అయితే ఇక్కడే ఉండిపోతాను."

"నీళ్లు దిగిపోతే పడవ పక్కకు ఒరుగుతుంది. నీ సంగతి సరే, ఆ పిల్ల ఎక్కడుంటుంది?"

అతను పడవ వైపు చూశాడు. వెంకన్న ఊరుకోకుండా, "విరోధి నామ సంవత్సరం కదండీ, పడవలు కూడా పలకరించుకోవు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సత్తియ్య దిగి వెళ్లి, గెడ చేతిలోకి తీసుకుని, పడవను చాంబరులోకి తోశాడు. కాని గోడ పక్కకు పోకుండా మధ్యలో ఆపాడు. గంగయ్య వచ్చి ఎడమ గోడకు ఆనించి, తన తాడు రింగుకు వేసుకున్నాడు. కుడి గోడ రింగులు ఊడిపోయి ఉన్నాయి, వాటి మరమ్మతు క్లోజర్‌లో చెయ్యాల్సి ఉంది. అంటే రెండో పడవ మొదటి పడవకే కట్టుకోవాలి. చాంబరు నిండేటప్పుడు ఏ పడవా కట్టు లేకుండా ఉండకూడదన్నది లాకు నిబంధన. నిండే నీళ్లు సుడి తిరుగుతాయి, వదులుగా ఉన్న పడవను అడ్డం తిప్పుతాయి.

"సత్తియ్యా, తాడు కట్టుకో" అన్నాను.

"గెడతో పట్టుకుంటామండి" అన్నాడు.

వెనక తలుపులు వేశారు. నేను ఒక తూము మాత్రం, అదీ సగమే ఎత్తమన్నాను. నీళ్లు రావడం మొదలైంది. చాంబరు అడుగున ఉన్నప్పుడు చుట్టూ తడిగోడలే, పైన ఆకాశం ముక్క. పలకరించకూడదనుకునే ఇద్దరికి అంతకంటే ఇరుకైన చోటు ఉండదు. గంగయ్య కూతురి వైపు చూస్తూ, ఆమె తల తిప్పితే గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. చిట్టి మాత్రం తండ్రినే చూస్తోంది. ఆ ఇద్దరి మధ్య ఉన్నది చెయ్యి చాస్తే అందేంత దూరం.

నీళ్లు కొంచెం లేచాక సుడి అందుకుంది. సత్తియ్య పడవ ముందుభాగం కుడివైపు తిరిగింది. అప్పన్న గెడ గోడకు జారింది. పడవ అడ్డం తిరిగి గోడను తాకింది. చిట్టి గూటి వాసం పట్టుకుని కళ్లు మూసుకుంది. నేను చెయ్యెత్తాను. వెంకన్న తూము దించేశాడు.

"తాడు కట్టందే నీళ్లు వదలను" అన్నాను పైనుంచి. అంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు.

నీళ్లు కుదురుకున్నాయి. రెండు పడవలూ సగం ఎత్తులో ఆగిపోయాయి. అటు పోవడానికి లేదు, ఇటు పోవడానికి లేదు. అప్పుడు చిట్టి నెమ్మదిగా లేచింది. ఒక చేత్తో నడుము పట్టుకుని, చుట్టి ఉన్న తాడు కొస రెండో చేత్తో తీసుకుని, "నాన్నా, పట్టుకో" అని విసిరింది.

తాడు గంగయ్య పడవలో, అతని కాళ్ల దగ్గర పడింది. చెయ్యి ముందు పోయే మనిషి కదా, వెంటనే వంగి అందుకుంటాడనుకున్నాను. అతను వంగలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ మావనడుగు" అన్నాడు. "ఆయన తాడు. ఆయన చెప్పకుండా నేను ముట్టుకోనమ్మా. ఒకసారి ముట్టుకున్నాను, చాలు."

సత్తియ్య గెడ పట్టుకుని అటు తిరిగే నిలబడి ఉన్నాడు. నాకు పైనుంచి అతని వీపే కనిపించింది. గెడ మీద చేతులు ఒకదాని మీదికి ఒకటి మారాయి.

"పట్టుకోమను" అన్నాడు, కోడలితో.

"అట్టా కాదు" అన్నాడు గంగయ్య, అతనూ కూతురితోనే. "నాకు వినపడేట్టు చెప్పమను."

వెంకన్న నా చెవి దగ్గర, "ఇక్కడే తెల్లారిపోద్దండి" అన్నాడు. ఊరుకోమని సైగ చేశాను.

సత్తియ్య ఇటు తిరిగాడు. "ఆ రోజు ఒక్క కేక వేస్తే ఏం పోయేది?" అన్నాడు. ఈసారి కోడలితో కాదు. "బావా కోస్తన్నాను అని ఒక్క కేక. నేను గట్టుమీదే ఉన్నాను. కొయ్యి అనేవాణ్ణి కాదా? నా నోటితో కొయ్యమంటే అది నేను కోసినట్టు. నువ్వు కోస్తే నేను పోయినట్టు. నాకు బదులు మా ఆడది పోయింది."

"కేక వెయ్యడం తట్టలేదు" అన్నాడు గంగయ్య. "నీ కొడుకు కనపడ్డాడు. ఇంకేం కనపళ్లేదు."

సత్తియ్య అప్పన్న వైపు చూశాడు. కుర్రాడు గెడ పట్టుకుని తల వంచుకున్నాడు. ఆ రోజు పడవలో తానున్న సంగతి తండ్రికి తెలియంది కాదు. అయినా ఆ మాట గంగయ్య నోట వినడం అదే మొదటిసారి.

"ముట్టుకో బావా" అన్నాడు సత్తియ్య. "గట్టిగా పట్టు, పిల్లకి కుదుపు తగలకుండా."

గంగయ్య వంగి తాడు తీసుకున్నాడు. రెండు చేతులతో దగ్గరకు లాగి, తన పడవ గుంజకు చుట్టాడు. పడవలు ఒకదానికొకటి ఆనుకున్నాయి. నేను తూము ఎత్తమన్నాను.

నీళ్లు సమమయ్యేసరికి మా ఇంటావిడ గట్టుమీదికి వచ్చింది. ఆమె అంతా వింటూనే ఉంది. పళ్లెంలో కుంకుమ, రెండు అరటిపళ్లు. "తల్లి రాలేదు కదా, నేను పెడతాను బొట్టు. అభ్యంతరమా సత్తియ్యా?" అంది.

"పిలవాల్సింది వాళ్లండి" అన్నాడు సత్తియ్య, పాత బింకంతోనే.

"నూకాలు సారె మూట కట్టుకుని నెలల తరబడి కూచుందిరా" అన్నాడు గంగయ్య. "పిలుస్తున్నాను. మా పిల్లని పురిటికి పంపు. నువ్వూ రా. తారు మా రేవులో పూయించుకో."

"మీ రేవులో ఇసక ఎక్కువ" అన్నాడు సత్తియ్య. కాని గెడ కింద పెట్టి, కోడలి మోచెయ్యి పట్టుకుని, ఒక పడవలోంచి ఇంకో పడవలోకి దాటించాడు. చిట్టి తండ్రి పడవలో కాలు పెట్టాక గాని ఏడవలేదు. మా ఇంటావిడ బొట్టు పెడుతుంటే, ఎగువ తలుపులు తెరుచుకున్నాయి. ఆ తాడు విప్పకుండానే రెండు పడవలూ కలిసి వెళ్లాయి.

కాలువ తిరిగి పారిన కొద్ది రోజులకు కబురందింది. ఆడపిల్ల. మంగమ్మ పేరే పెట్టారు. అలా పెట్టమన్నది నూకాలమ్మేనట.

తాడు తెగబట్టే తన భార్య పోయిందన్న నమ్మకాన్ని సత్తియ్య ఆ తరవాత కూడా వదులుకోలేదు. జ్వరం సంగతి నేను ఎత్తలేదు, గంగయ్యా ఎత్తలేదు. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టుకునే ఇద్దరూ మళ్లీ కలిసి తిరిగారు. లాకు దగ్గర ఎన్నో తగవులు తీర్చినవాణ్ణి కనుక మొదట్లో నేనూ అందరిలాగే ఏం జరిగిందో చెబితే చాలనుకున్నాను. పడవ ఎలా వేలాడింది, బస్తాలు ఎలా జారాయి, ఎంత వ్యవధి ఉంది అని వివరించాను. సత్తియ్య అవేవీ కాదనలేదు. అతను నాతో అన్నది ఒక్కటే, అడక్కుండా కోశాడని. నేను దాన్ని సాకు అనుకున్నాను. అసలు ఫిర్యాదు అదే. ఆ తరవాత నా దగ్గరికి వచ్చిన ఏ తగవులోనైనా, ఎవరు ఏం చేశారన్నది పక్కన పెట్టి, మనిషి మళ్లీ మళ్లీ చెప్పే ఆ ఒక్క మాట ఏమిటా అని వినడం అలవాటు చేసుకున్నాను. చాలాసార్లు అదే పనికొచ్చింది.

నేను ఆ లాకు నుంచి బదిలీ అయ్యేదాకా వాళ్ల పడవలు పక్కపక్కనే వచ్చేవి. ప్రతిసారీ గంగయ్య, అక్కర ఉన్నా లేకపోయినా, చాంబరు గోడలు మారుమోగేలా, "బావా, నీ తాడు ముట్టుకోనా?" అని అరిచేవాడు. లస్కర్లు పడిపడి నవ్వేవారు. సత్తియ్య మాత్రం నవ్వేవాడు కాదు. చుట్ట నోట్లోంచి తీసి, పడవను ఒకసారి అటూ ఇటూ చూసుకుని, అప్పుడు చెప్పేవాడు.

"ముట్టుకో."